మినహాయింపు మనస్సాక్షికే, కులానికి కాదు

తెలుగు పల్లెల్లో తిరిగినవారికి ఒక దృశ్యం కొత్త కాదు. మాలవాడలో ఒక చర్చి, మాదిగవాడలో మరొక చర్చి. రెండింటిలోనూ అదే బైబిలు, అవే కీర్తనలు, అదే ప్రభువు పేరు. అయినా ఆదివారం ఉదయం ఒక వాడ గంట మోగితే రెండో వాడ కదలదు. కారణం అడిగితే మా మిషను వేరు, వారి మిషను వేరు అన్న సమాధానం వస్తుంది. ఆ సమాధానంలో కొంత నిజముంది, కొంత దాపరికమూ ఉంది. విశ్వాసభేదం ఎక్కడ ముగుస్తుందో, కులభేదం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవలసిన అవసరం నేటికీ తీరలేదు. ఆ గీతను తన జీవితమంతా వెదికిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. డోర్నకల్ బిషప్పుగా తెలుగు క్రైస్తవులకు చిరపరిచితుడైన ఆయన తమిళుడు. అయినా ఆయన జీవితంలోని ముఖ్యభాగం తెలుగు నేలమీదనే, తెలుగు అంటరాని వాడల మధ్యనే గడిచింది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం హిందూమతం నుంచి క్రైస్తవంలోకి వచ్చి, ఆంగ్లికన్ సంఘంలో గ్రామ గురువుగా పనిచేశారు. వారిది నాడార్ కులం. తాటిచెట్టును నమ్ముకొని బతికిన ఆ కులానికి నాడు ఆలయ ప్రవేశం లేదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక తొడుక్కొనే హక్కు కోసం దశాబ్దాలపాటు పోరాడవలసి వచ్చింది. అజరయ్య పాతికేళ్ల యువకుడిగా ఉన్నప్పుడే, 1899లో, ఆలయ ప్రవేశ వివాదం శివకాశిలో రక్తపాతానికి దారితీసింది. మతం మారిన నాడార్లకు బడి, ఉద్యోగం, ఆత్మగౌరవం కొంత దక్కాయి. కానీ పైవారి చేతిలో అవమానం పొందిన ఆ కులమే తనకన్నా కిందివారిగా భావించినవారిని దూరం పెట్టడం మానలేదు. అణచివేతకు గురైనవాడే మరొకరిని అణచగలడన్న కులవ్యవస్థ రహస్యాన్ని ఆయన బాల్యం నుంచే చూశారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివిన అజరయ్య పట్టా పుచ్చుకోకుండానే బయటికి వచ్చి, 1895లో వైఎంసీఏలో చేరారు. అక్కడ అమెరికన్ మిత్రుడు షెర్వుడ్ ఎడ్డీతో ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. మద్రాసు ప్రాంతమంతా తిరిగిన ఆ ఏళ్లలో ఒక విషయం ఆయనకు స్పష్టపడింది. భారతీయ క్రైస్తవులు పరదేశి ధనం మీద, పరదేశి నాయకత్వం మీద ఆధారపడినంతకాలం వారి సంఘం వారిది కాదు. ఈ ఆలోచన నుంచే 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 చివర శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టాయి. మొదటిది నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నది. ఇతరులను పంపి తాను ఇంటివద్ద కూర్చోవడం న్యాయం కాదనుకొన్న అజరయ్య 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలి స్వయంగా అక్కడికి వెళ్లారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకొని, తెలుగులోనే బోధించారు.

ఆ మరుసటి ఏడాది స్కాట్లండ్ రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. భారతీయులు వేళ్లమీద లెక్కించదగినంత మందే ఉన్న ఆ సభలో అజరయ్య మాట్లాడారు. మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని దాచకుండా బయటపెట్టారు. త్యాగాలు చేశారు, సొమ్ము ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు. కానీ స్నేహం ఇవ్వలేదన్నది ఆయన ఫిర్యాదు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఒకరి ఇంట మరొకరు భోజనం చేయని బంధాన్ని సోదరభావం అనలేమని ఆయన భావం. సభలో కొందరు నొచ్చుకున్నారు. కులవ్యవస్థను ఎరిగిన మనకు మాత్రం ఆ మాటలోని కీలకం వెంటనే అర్థమవుతుంది. సహపంక్తి లేని సమానత్వం మాటలకే పరిమితమైన సమానత్వం. తెల్లవారి రంగు గర్వంలో ఆయన కులాన్నే గుర్తుపట్టారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల లేకపోతే అది జరిగేది కాదు. భారతీయుడి అధికారం కింద పనిచేయడానికి మిషనరీలలో కొందరు సిద్ధంగా లేరు. అందువల్ల మొదట ఆయనకు అప్పగించిన అధ్యక్ష మండలం చాలా చిన్నది. 1920లో దాన్ని కృష్ణా తీర ప్రాంతాలతో కలిపి విస్తరించినప్పుడు, ఐరోపా మిషనరీలు సైతం ఆయన పర్యవేక్షణలోకి వచ్చారు. 1940ల ఆరంభానికి ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. వ్యవసాయ కూలీలు, చెప్పులు కుట్టేవారు, వెట్టి చేసేవారు. వారి పిల్లల కోసం పల్లెపల్లెనా ఉపాధ్యాయులు, వారిలోనుంచే గురువులు తయారు కావడం అజరయ్య చేసిన పనికి నిజమైన కొలమానం.

అక్కడే ఆయనకు మిషను శాఖల అసలు స్వరూపం ఎదురైంది. తెలుగు దేశాన్ని మిషన్లు ప్రాంతాలవారీగా పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లది, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులది, కడప లండన్ మిషనుది, మచిలీపట్నం, నంద్యాల ఆంగ్లికన్లవి. ఏ పల్లె ఏ శాఖలో చేరాలన్నది ఆ పల్లెవాసుల సిద్ధాంత నిర్ణయం కాదు, ఆ జిల్లాకు మొదట వచ్చిన దొర ఎవరన్నదే ప్రధానం. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు ఉద్యమం ప్రధానంగా మాదిగలలో వ్యాపించింది. ఇతర చోట్ల మాలలు ముందు వచ్చారు. క్రమంగా శాఖ పేరే కులం పేరుకు ముసుగైంది. జెనీవాలోనో లండన్‌లోనో పుట్టిన వివాదాల తాలూకు పేర్లు, వాటి కథ తెలియని కూలీల మధ్య కొత్త గోడలయ్యాయి. ఐరోపాలో శాఖాభేదం ఒక బలహీనత కావచ్చు, ఇక్కడ అది పాపమే అన్న అభిప్రాయాన్ని అజరయ్య 1927లో లోసాన్ మహాసభ ముందు నిష్కర్షగా చెప్పారు.

ఐక్యత కోసం ఆచరణలో తొలి అడుగు 1919 మే నెలలో పడింది. తరంగంబాడిలో సమావేశమైన 33 మంది గురువులు ఐక్య సంఘానికి పిలుపునిస్తూ ఒక ప్రకటన వెలువరించారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆంగ్లికన్లకూ, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు కలిసి 1908లో ఏర్పరచుకొన్న దక్షిణ భారత ఐక్య సంఘానికీ మధ్య చర్చలు మొదలయ్యాయి. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చేరారు. బయటివారికి ఇవి చిల్లర వివాదాలుగా తోచవచ్చు. కానీ పాల్గొన్నవారికి అవి ప్రాణప్రదమైన ప్రశ్నలు. బిషప్పు చేతులుంచి అభిషేకించని గురువు ఇచ్చే ప్రభు భోజనం చెల్లుతుందా? చెల్లదని ఆంగ్లికన్లలో ఒక వర్గం నమ్మింది. బిషప్పులను అంగీకరిస్తే తమ సేవ అంతవరకూ అక్రమమని ఒప్పుకున్నట్టేనని ఇతరులు భయపడ్డారు. రెండు పక్షాలూ మనస్సాక్షిని సాక్ష్యంగా పిలిచాయి.

ఇరువైపులా రాజీ పడితే తీరే సమస్య కాదిది. ఎందుకంటే మనస్సాక్షి బేరానికి లొంగదు. అందుకే ఐక్యతా ప్రణాళిక మరొక మార్గం ఎంచుకుంది. ఐక్య సంఘంలో బిషప్పుల వ్యవస్థ ఉంటుంది, అయితే దాని గురించి ఫలానా సిద్ధాంతాన్నే నమ్మాలన్న నిర్బంధం ఉండదు. అప్పటికే సేవలో ఉన్న గురువులకు మళ్లీ అభిషేకం చేయరు. ఏ సంఘం మీదా, దాని మనస్సాక్షి ఒప్పుకోని గురువునుగానీ ఆరాధనా పద్ధతినిగానీ రుద్దరు. అధికారులే కాదు, అధిక సంఖ్యాకులు కూడా ఎవరి అంతరాత్మనూ తొక్కివేయరాదని ఆ ప్రతిజ్ఞ సారాంశం. ముప్పై ఏళ్లపాటు ఈ తేడాలను ఓర్చుకొని కలిసి బతికి, ఆ తర్వాత శాశ్వత ఏర్పాటు గురించి ఆలోచించాలని నిర్ణయించారు. ఏకాభిప్రాయం కుదిరాక కలవడం కాదు, కలిసి ఉంటూ ఏకాభిప్రాయాన్ని వెదకడం. ప్రజాస్వామ్యంలో మెజారిటీ పరిమితులను చర్చించే నేటి విద్యార్థులు కూడా పరిశీలించదగిన సూత్రమిది.

ఇంత విశాలంగా తలుపులు తెరిచిన అజరయ్య ఒక్క విషయంలో మాత్రం తలుపు బిగించారు. క్రీస్తు పేరిట బాప్తిస్మం పొందినవారు ప్రభు భోజనపు బల్లవద్ద కులాన్ని బట్టి విడివిడిగా కూర్చోవడాన్ని ఆయన అంగీకరించలేదు. ఈ రెండు వైఖరుల మధ్య వైరుధ్యం లేదు. బిషప్పు గురించి, బాప్తిస్మపు వయసు గురించి, ప్రార్థనా క్రమం గురించి భేదించేవాడు తన నమ్మకానికి కట్టుబడి భేదిస్తున్నాడు. ఆ భేదం వల్ల పక్కవాడి మనుష్యత్వం తగ్గదు. కులాన్ని పాటించేవాడు నమ్మకాన్ని కాదు, హోదాను కాపాడుకుంటున్నాడు. అందుకు మూల్యం పక్కవాడే చెల్లిస్తున్నాడు. కనుక మొదటిదానికి మినహాయింపు ఇవ్వడం ఐక్యత, రెండోదానికి ఇవ్వడం లొంగుబాటు. మా ఆచారం, మా సంప్రదాయం, మా అభిప్రాయం అన్న మాటల చాటున కులం దాక్కొనే ప్రతిచోటా ఈ తేడాను గుర్తు తెచ్చుకోవాలి.

1935లో డాక్టర్ అంబేడ్కర్ యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించాక ఈ ప్రశ్న దేశవ్యాప్తమైంది. సామూహిక మతమార్పిడులను గాంధీజీ తీవ్రంగా విమర్శించారు. అంటరానివారికి తమ మతాన్ని తామే ఎంచుకొనే వివేకం ఉందన్న పక్షాన అజరయ్య నిలబడ్డారు. ఆ కాలానిదిగా క్రైస్తవ వర్గాల్లో నేటికీ చెప్పుకొనే ఒక సంభాషణ ఉంది. తన ప్రజలు క్రైస్తవంలోకి వస్తే ఎన్ని శాఖలుగా చీలిపోవాలని అంబేడ్కర్ అడిగారట. అజరయ్య వద్ద జవాబు లేకపోయిందట. ఆ సంభాషణ ఎలా సాగినా, ప్రశ్న మాత్రం న్యాయమైనది. ఒక కులవ్యవస్థను వదిలి వచ్చేవారికి ముక్కలైన ఇంటిని చూపించి ఇదే విముక్తి అనడం ఎలా?

అజరయ్యకు పరిమితులు లేకపోలేదు. తన మండలంలో మాల, మాదిగల మధ్య దూరాన్ని ఆయన పూర్తిగా చెరపలేకపోయారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను ఆయన వ్యతిరేకించారు. సంఘం ఒక రాజకీయ వర్గంగా గడ్డకట్టుకుపోతుందన్నది ఆయన భయం. ఆ సందేహానికి కారణముంది. అయితే నోరులేని కూలీకి చట్టసభలో గొంతు ఎలా వస్తుందన్న ప్రశ్నకు నైతిక ఔన్నత్యం ఒక్కటే సమాధానం కాదు. అంబేడ్కర్ దారి ఆయన దారి వేరయ్యేది అక్కడే.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ఆలయ, మసీదు నిర్మాణరీతులను కలుపుకొని లేచిన ఆ కట్టడం ఆయన ఆశయానికి రాతిరూపం. కానీ ఆయన కోరుకున్న పెద్ద కట్టడం పూర్తికాక ముందే, 1945 జనవరి 1న, డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. బిషప్పుల వ్యవస్థ ఉన్న శాఖలూ లేని శాఖలూ ఒకే సంఘంగా కలవడం ప్రపంచ క్రైస్తవ చరిత్రలో అపూర్వ ఘట్టం. అయితే ఆయన సొంత మండలంలోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు చేరక, పాత సంఘంలోనే ఉండిపోయారు. కొన్ని దశాబ్దాల తర్వాత నంద్యాల కూడా దక్షిణ ఇండియా సంఘంలో ఒక అధ్యక్ష మండలమైంది. తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు నేటికీ బయటే ఉన్నారు. వారిని బలవంతపెట్టకపోవడం ఆ ప్రణాళిక నీతికి అనుగుణమే.

బాధాకరమైనది అది కాదు. ఒకే సంఘంలో ఉంటూనే బిషప్పు ఎన్నికల్లో కులం లెక్కలు వేయడం, వాడవాడకో గుడి కట్టుకోవడం, సమాధి తోటలో హద్దురాళ్లు పాతుకోవడం బాధాకరం. మరోవైపు రాజ్యం తనవంతు విభజన తాను చేసింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదాను పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది, క్రైస్తవులను వదిలేసింది. మన రాష్ట్రాల్లో మతం మారిన దళితుడు బీసీ-సీ జాబితాలోకి వెళ్తాడు, అదీ ఒక శాతం కోటాతో. మతం మారితే కులం పోతుందని చట్టం నమ్ముతుంది, పోలేదని వాడ చెబుతుంది. పోలేదని చట్టసభల ముందు వాదించే సంఘం, దాన్ని తన లోపల పోగొట్టే బాధ్యత నుంచి తప్పించుకోలేదు. హక్కు కోసం కులాన్ని రుజువు చేయడం ఒకటి, బల్లవద్ద కులాన్ని పాటించడం మరొకటి.

అజరయ్య వదిలి వెళ్లిన కొలమానం కఠినమైనదేమీ కాదు. ఎదుటివాడు నాతో విభేదిస్తున్నప్పుడు ఆ భేదం అతని నమ్మకం నుంచి వచ్చిందా, నా పుట్టుక మీద అతనికున్న చిన్నచూపు నుంచి వచ్చిందా అని అడగాలి. మొదటిదైతే ముప్పై ఏళ్లయినా ఓర్చుకోవచ్చు. రెండోదైతే ఒక్క ఆదివారం కూడా ఓర్చుకోరాదు.