మూడవసారి గట్టెక్కిన విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సుబ్బారావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• ఒత్తిడి కౌమారదశలోని శరీరంపై, మనసుపై ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.

1. బాల్యం, కౌమారం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. అనారోగ్యం వల్ల తండ్రి ముందుగానే ఉద్యోగం వదలుకోవడంతో ఇల్లు గడవడం కష్టమయింది. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు కాశీ వెళ్ళి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరారు. పెద్దలు ఆయనను వెనక్కు తీసుకువచ్చారు. తల్లి పట్టు విడవక చదివించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులయ్యారు. 1913లో తండ్రి మరణించారు.

2. ఒత్తిడి కలిగినప్పుడు శరీరంలో ఏం జరుగుతుంది?

భయం, అవమానం, దుఃఖం కలిగినప్పుడు మెదడు పంపే సంకేతాలు మూత్రపిండాలపై టోపీల వలె ఉండే అడ్రినల్ గ్రంథులను చేరతాయి. ఆ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆపద తీరగానే ఈ హార్మోన్లు తగ్గాలి. ఒత్తిడి నెలల తరబడి తీరకపోతే ఈ సర్దుబాటు దెబ్బతిని నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి చెదరవచ్చు.

యుక్తవయసులో లైంగిక హార్మోన్లు పెరుగుతాయి. మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఒత్తిడికి శరీరం స్పందించే తీరు కూడా మారుతుంది. మానసిక కుంగుబాటు ముప్పు ఈ దశలో పెరగడానికి ఇది ఒక కారణం. యుక్తవయసు వచ్చాక ఆడపిల్లలలో కుంగుబాటు మగపిల్లల కన్నా సుమారు రెండింతలు కనిపిస్తుంది. అయితే హార్మోన్లు మాత్రమే కారణం కాదు. వంశపారంపర్యం, పేదరికం, హింస, ఒంటరితనం కూడా కారణాలే.

సుబ్బారావుకు కుంగుబాటు వచ్చిందని మనం చెప్పడం లేదు. ఒత్తిడికి గురైనవారందరూ కుంగిపోరు. అండగా నిలిచే మనిషి ఒక్కరున్నా ఆ భారం తగ్గుతుంది. సుబ్బారావుకు తల్లి అలా నిలిచింది.

3. వైద్యవిద్య నుంచి పరిశోధనకు

ఇంటర్మీడియట్ తరువాత సన్యసించాలనుకున్నా తల్లి అంగీకరించలేదు. సుబ్బారావు 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. మామగారి సహాయంతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి, జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో కండరాలలో గుర్తించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ చికిత్సలో ఉపయోగపడింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సర్‌కు అమినోప్టెరిన్ కూడా ఆ బృందం కృషి ఫలితాలే. 1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన గుండెపోటుతో మరణించారు.

గుర్తుంచుకోండి

పరీక్ష తప్పడం జీవితం తప్పడం కాదు. దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించి ఉంటే నమ్మకమైన పెద్దలకు చెప్పండి, వైద్యుని కలవండి. మీరు భీమవరంలో ఉన్నా, జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో ఉన్నా, 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులతో ఉచితంగా మాట్లాడవచ్చు.

పాఠగత ప్రశ్నలు

1. కార్టిసాల్ ఏ గ్రంథుల నుంచి వెలువడుతుంది?
2. కౌమారదశలో కుంగుబాటు ముప్పు పెరగడానికి రెండు కారణాలు రాయండి.
3. కష్టకాలంలో మీకు అండగా నిలిచిన ఒక వ్యక్తి గురించి ఐదు వాక్యాలు రాయండి.