తెలుగు చిత్రకళకు బాట వేసిన దామెర్ల రామారావు

చంద్రపూర్ జిల్లా అంచులను ఒరుసుకొని పారే వార్ధా, వైన్‌గంగా నదులు ఏకమై ప్రాణహితగా మారి, కాళేశ్వరం వద్ద గోదావరిలో లీనమవుతాయి. ఆ జలాలే దిగువన రాజమహేంద్రవరం రేవులను తాకుతాయి. ఆ ఒడ్డున పుట్టి, చిత్రలేఖనం అభ్యసించడానికి బొంబాయి తరలివెళ్ళి, నేర్చిన విద్యను తిరిగి సొంత ఊరికే ధారపోసిన కళాకారుడు దామెర్ల రామారావు.

ఆయన 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. బాల్యం నుంచీ బడి చదువు కంటే బొమ్మల మీదనే మక్కువ ఎక్కువ. బొమ్మలు గీయడం బతుకుతెరువు కాగలదని తెలుగునాట ఎవరూ తలచని కాలమది. అట్టి సమయంలో ఆయన ప్రతిభను గుర్తించినవారు స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యులు ఆస్వాల్డ్ కూల్డ్రే. స్వయంగా కవి, చిత్రకారుడు అయిన ఆ ఆంగ్లేయుడు రామారావుకు తొలి మెళకువలు నేర్పి, పై చదువుకు ప్రోత్సహించారు. ఆ ప్రోత్సాహంతోనే 1916లో రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరారు.

నేడు చిత్రకళలో నాలుగేళ్ళ డిగ్రీ, ఆపైన రెండేళ్ళ ఎం.ఎఫ్.ఏ. పట్టా అందుబాటులో ఉన్నాయి. నాడు అట్టి స్నాతకోత్తర పట్టా లేదు. 1857లో స్థాపితమైన జె.జె. కళాశాల డిప్లొమాయే పశ్చిమ భారతంలో చిత్రకారునికి గొప్ప అర్హత. ఎదుట మనిషిని కూర్చుండబెట్టి శరీర నిర్మాణాన్ని, వెలుగునీడలను పరిశీలించి చిత్రించే పాశ్చాత్య పద్ధతిని అక్కడ బోధించేవారు. రామారావు ఆ పద్ధతిని క్షుణ్ణంగా అభ్యసించారు. మరోవైపు మహారాష్ట్రలోని అజంతా గుహల చిత్రాలనూ శ్రద్ధగా పరిశీలించారు. గుజరాతీ చిత్రకారుడు రవిశంకర్ రావళ్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. 1920లో ప్రథమ స్థానంలో చదువు ముగించారు.

అంతటి యోగ్యత గల యువకునికి మహానగరమే తగిన చోటని ఎవరైనా తలుస్తారు. రామారావు మాత్రం రాజమహేంద్రవరానికి తిరిగి వచ్చారు. తాను పడిన ప్రయాస తరువాతి తెలుగు బిడ్డలకు తప్పాలన్నదే ఆయన సంకల్పం. మిత్రుడు వరదా వెంకటరత్నం తదితరుల తోడ్పాటుతో, 1923 నాటికి సొంత ఊరిలోనే చిత్రకళాశాలను నెలకొల్పారు. స్త్రీలు గడప దాటడమే అరుదైన ఆ రోజుల్లో ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టి చిత్రకారిణులయ్యారు.

ఋష్యశృంగుని కథ, పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం, తూర్పు కనుమల నడుమ గోదావరి వంటి చిత్రాలు ఆయనకు కీర్తి తెచ్చాయి. జె.జె.లో అలవడిన శరీర నిర్మాణ జ్ఞానం, అజంతా రేఖల సొంపు, తెలుగింటి ముఖాలు, కట్టుబొట్టు వాటిలో ఒకటిగా కలిసిపోయాయి. ఆయన చిత్రాలు కలకత్తా ప్రదర్శనలోను, 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీ ప్రదర్శనలోను చోటు పొందాయి.

కాని విధి కరుణించలేదు. పల్లెజనం అమ్మవారని భయభక్తులతో పిలిచిన మశూచికం ఆయనకు సోకింది. 1925 ఫిబ్రవరి 6న, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకముందే రామారావు కన్నుమూశారు. చదువు ముగించాక ఆయనకు దక్కిన కాలం ఐదేళ్ళే.

గురువు పోయినా బడి మూతపడలేదు. వరదా వెంకటరత్నం ఆ భారాన్ని భుజాన వేసుకొని శిష్యులను తీర్చిదిద్దారు. రామారావు చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన కళామందిరంలో భద్రమయ్యాయి.

చంద్రపూర్, రాజురా, బల్లార్‌పూర్ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో బిడ్డ చిత్రకళ చదువుతానన్నప్పుడు, ఆ చదువు కూడు పెట్టునా అని పెద్దలు సంశయించడం సహజం. రామారావు జీవితం ఆ సంశయాన్ని పూర్తిగా తీర్చకపోవచ్చు. అయితే దూరదేశంలో నేర్చిన విద్య సొంత ఊరికి చేరితే ఎందరికి దారి అవుతుందో ఆ ఐదేళ్ళ కృషి నిరూపించింది.