అప్పుల అంగడిలో డాక్టరు పట్టాభి

డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారి పేరు చెప్పగానే మన విద్యార్థులకు 1939వ సంవత్సరం జ్ఞప్తికి వస్తుంది. కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాసచంద్రబోసుతో పోటీచేసి ఆయన ఓడిపోవడం, ఆ ఓటమిని గాంధీమహాత్ముడు తన ఓటమిగా భావించడం, యీ రెండు ముక్కలతో పాఠ్యపుస్తకాలు ఆయనను సాగనంపుతవి. ఇది కొంత అన్యాయమే. ఓడిన పోటీ ఒక్కటే లోకానికి గుర్తున్నది. ఆయన బందరులో లక్షరూపాయల మూలధనంతో ప్రారంభించిన మరొక పోటీ దాదాపు తొంబదియేడేండ్లు సాగినది. దానికి రంగస్థలం అప్పుల అంగడి.

అప్పుకు అంగడి యేమిటని కొందరు ఆశ్చర్యపడవచ్చును. బియ్యానికీ బట్టకూ అంగడి వున్నట్లే డబ్బుకూ వున్నది. అందులో వడ్డీయే వెల. ఆ అంగడిలో యెన్ని దుకాణాలున్నవి అన్నదానిపై వెల చాలవరకు ఆధారపడి వుంటుంది. మా విడపనకల్లు ప్రాంతాన్నే చూడండి. గుంతకల్లు, బళ్లారి పట్టణాలకు చేరువన వున్న నల్లరేగడి సీమ యిది. అనంతపురం జిల్లాలో యేడాదికి కురిసే వాన యాభైఅయిదు సెంటీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే. ఆ కాస్త వానా అదను తప్పకుండా పడితే, తడి ఆరకముందే విత్తనం భూమిలో పడాలి. ఆ నాలుగు దినాలలో చేతిలో డబ్బు లేని రైతు వడ్డీని గురించి బేరమాడలేడు. వూరికి ఒక్కడే సావుకారు వున్నప్పుడు అతడు చెప్పినదే వెల. పంట వచ్చిన తరువాత దానిని కొనేవాడు కూడా అతడే అయితే రైతు రెండువైపులా బిగుసుకుపోతాడు. ఇందులో సావుకారు దుర్మార్గుడు కానవసరం లేదు. రెండవ దుకాణం లేకపోవడమే చాలును. సావుకారు పక్షాన ఒక్క మాట చెప్పకపోతే న్యాయం కాదు. కరవు వచ్చినప్పుడు రాని బాకీల భారం మోసినది కూడా అతడే.

పట్టాభి యీ సీమవాడు కాడు. ఆయన 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలనులో బీదకుటుంబంలో జన్మించారు. బందరు నోబుల్ కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, పిమ్మట వైద్యవిద్య పూర్తిచేసి, 1906లో బందరులో వైద్యం ప్రారంభించారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో ఆయన స్నేహం ఆంధ్రదేశానికి తెలిసినదే. 1910లో వెలసిన ఆంధ్రజాతీయ కళాశాల ఆ స్నేహఫలం. పదేండ్లపాటు నాడి చూచిన తరువాత ఆయన వైద్యవృత్తిని విడిచి ప్రజాసేవకు అంకితమయ్యారు. దేశం యొక్క రోగాలలో రుణం ఒకటని ఆయన గ్రహించినది యీ కాలంలోనే.

అప్పటి డబ్బు అంగడిని పైనుంచి చూస్తే మూడు అంతస్తులు కనబడేవి. పై అంతస్తులో విదేశవాణిజ్యాన్ని చేతబట్టుకొన్న ఆంగ్లేయ బ్యాంకులు. మధ్య అంతస్తులో బెంగాలు, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు. ఇవి మూడూ కలిసి 1921లో ఇంపీరియల్ బ్యాంకుగా రూపొందినవి. ప్రభుత్వ ధనం దాచే హక్కు దానిదే. భూమి తనఖాపై దీర్ఘకాలిక రుణం యివ్వడం ప్రెసిడెన్సీ బ్యాంకులకు చట్టరీత్యా నిషిద్ధం. భూమి తప్ప మరేమీ లేని రైతు యిక ఆ తలుపు తట్టి యేమి ప్రయోజనం? కనుక అతడు కింది అంతస్తులోని సావుకారు వద్దకే వెళ్లేవాడు. పైన కొద్దిమందిది, కింద ఒక్కనిది రాజ్యం.

ఆ కోటకు మొదటి బీట 1906లో పడినది. మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయగా యెందరో తమ జీవితకాలపు కూడబెట్టును పోగొట్టుకొన్నారు. తెల్లవారి దుకాణంలో డబ్బు భద్రమన్న నమ్మకం ఆ దెబ్బతో సడలినది. మరుసటి సంవత్సరమే మద్రాసులో ఇండియన్ బ్యాంకు వెలసినది. స్వదేశీ వుద్యమం వూపులో దేశమంతటా బ్యాంకులు పుట్టినవి. వాటిలో చాలావరకు 1913 మొదలు నాలుగైదేండ్లలో కూలిపోయినవి కూడా. పట్టాభి కండ్లముందు యీ రెండు పాఠాలూ వున్నవి: దుకాణాలు తక్కువైతే వచ్చే బాధ ఒకటి, పునాదిలేని దుకాణాలు ఎక్కువైతే వచ్చే బాధ మరొకటి.

ఆయన సంస్థలను వరుసగా చూచినప్పుడే ఆయన ఆలోచన బోధపడుతుంది. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు. 1923లో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. 1927లో వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు. 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. జీవితచరిత్రకారులు యీ పేర్లను ఒక్క వాక్యంలో గుదిగుచ్చి ముందుకు సాగిపోతారు. నాకు మాత్రం ఆయన కాంగ్రెసు చరిత్ర కంటె యీ జాబితాయే ఎక్కువ చెబుతున్నట్లు తోచుతుంది. పంటకు కావలసిన అప్పు ఆరు నెలలది. వర్తకునికి కావలసినది రెండు మూడు నెలలది. పాతబాకీ తీర్చి పొలం విడిపించుకోవడానికి కావలసినది పది, యిరవై యేండ్లది. వీటిలో ప్రతిదానికీ వేరు అంగడి, వేరు గుత్తాధిపత్యం వున్నవి. ఒక్క బ్యాంకు అన్నిటినీ యెదిరించలేదు. ప్రజల డిపాజిట్లు స్వల్పకాలానివి కాగా వాటిని యిరవై యేండ్ల తనఖాలో పెట్టినవాడు, డిపాజిటుదారు తలుపు తట్టిననాడు మునిగిపోతాడు. అందుచేత ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క సంస్థ. వైద్యుడు అన్ని రోగాలకూ ఒకే సీసాలోని మందు పోయడు గదా!

వీటిలో పెద్దది ఆంధ్రా బ్యాంకు. 1923 నవంబరు 20వ తేదీన రిజిస్టరు కాబడి, అదే నెల 28వ తేదీన బందరులో పని ప్రారంభించినది. అధీకృత మూలధనం పది లక్షలు, చెల్లింపబడిన మూలధనం ఒక లక్ష. ఆంధ్రరాష్ట్రం అవతరించుటకు ముప్పదియేండ్లకు ముందే ఆంధ్ర అనే మాట బ్యాంకు బోర్డుపై వెలసినది. ఆ పేరులో అభిమానంతోపాటు వ్యాపారసూక్ష్మం కూడా వున్నది. ఇంపీరియల్ బ్యాంకుతో మూలధనంలో సరితూగగల చిన్న బ్యాంకు యెక్కడా లేదు. చిన్నదానికి వున్న బలం, అప్పు అడుగవచ్చిన మనిషిని యెరిగి వుండడమే. అతని తెలుగు చిట్టా చదవగలగడం, అతని మాట నిలకడ వాకబు చేయగలగడం, పెద్ద బ్యాంకుకు ఖర్చుతో కూడిన పని. స్థానికునికి అది వూరకనే వచ్చిన విద్య.

ఆరేండ్ల తరువాత అదే పట్టాభి భారతలక్ష్మీ బ్యాంకును స్థాపించారు. తన బ్యాంకుకు తానే పోటీ పెట్టుకొన్న స్థాపకులు అరుదు. దీనిపై ఆర్థికశాస్త్రజ్ఞుల తగవు ఒకటి చెప్పవలసి వున్నది. అంగడిలో బ్యాంకులు కొద్దిగా వున్నచోట లాభాలు ఎక్కువగా కనిపిస్తే, అది పోటీ లేనందువల్ల పిండుకొన్న లాభమని ఒక వర్గం అంటుంది. సమర్థంగా పనిచేసినది పెరిగి పెద్దదయినది గనుక లాభమూ పెద్దదయినదని రెండవ వర్గం. మూడవ వాదం నాకు మరింత నచ్చుతుంది. పోటీ లేని యజమాని లాభాన్నంతటినీ డబ్బురూపంలో తీసుకోడు. కొంత సోమరితనం రూపంలో అనుభవిస్తాడు. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హిక్స్ 1935లో యీ సంగతి యెత్తిచూపాడు. ఖర్చులు పెరుగుతవి, ఖాతాదారు బల్లముందు నిలబడి వుంటాడు, లాభనష్టాల పట్టిక మాత్రం నిండుగానే కనిపిస్తుంది. కనుక పట్టికను మాత్రమే చూచి బ్యాంకు బాగోగులు నిర్ణయించరాదు.

పోటీ మితిమీరినా ముప్పే. డిపాజిట్లకోసం హెచ్చువడ్డీ యిచ్చిన బ్యాంకు, ఆ వడ్డీ రాబట్టుకోవడానికి అనుమానపు అప్పులిస్తుంది. 1938లో ట్రావన్కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలినప్పుడు దక్షిణదేశమంతా గడగడలాడినది. 1949లో బ్యాంకుల చట్టం వచ్చినది. 1951లో దేశంలో 566 వాణిజ్య బ్యాంకులుండగా 1969 నాటికి 89 మిగిలినవి. కొన్ని మూతపడగా, అనేకం పెద్దవాటిలో కలిసిపోయినవి. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసిపోయినది. స్థాపకుడు అప్పటికి గతించి అయిదేండ్లు కావస్తున్నది.

ఇక మన సీమ మాట. కృష్ణా ఆనకట్ట నీటితో డెల్టాలో పండిన మిగులే బందరు బ్యాంకులకు నెత్తురు. మిగులు వున్నచోటికి బ్యాంకులు పోటీపడి వెళతవి. మెట్టకు యెవరూ పోటీపడి రారు. కోస్తాపెత్తనం తమపై పడునేమోనన్న రాయలసీమ నాయకుల భయాన్ని తొలగించడానికి 1937 నవంబరు 16వ తేదీన జరిగిన శ్రీబాగ్ ఒడంబడికపై పట్టాభి సంతకం కూడా వున్నది. అందులో నీటిని గురించి, విశ్వవిద్యాలయాన్ని గురించి, రాజధానిని గురించి ఒప్పందం కుదిరినది. రుణం యీ మూడింటితోపాటు యెత్తవలసిన విషయమని నా అభిప్రాయం. 1954లో వెలువడిన అఖిలభారత గ్రామీణ రుణ పరిశీలన నివేదిక లెక్కలు చూస్తే గుండె బరువెక్కుతుంది. రైతులు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘాల వాటా నూటికి మూడు రూపాయల చిల్లర. వాణిజ్య బ్యాంకులది రూపాయి కూడా లేదు. వడ్డీవ్యాపారులది దాదాపు డెబ్బది. దేశానికి బ్యాంకులు వందలకొద్దీ వున్నవి, పల్లెకు మాత్రం సావుకారు ఒక్కడే.

పట్టాభిగారి శేషజీవితం చరిత్రకెక్కినదే. 1942 మొదలు 1945 వరకు అహమదునగరు కోటలో నిర్బంధం, 1948లో పురుషోత్తమదాసు టాండన్‌పై గెలిచి కాంగ్రెసు అధ్యక్షత, నెహ్రూ, పటేలులతో కలిసి భాషారాష్ట్రాలపై నివేదిక, 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరు పదవి. 1959 డిసెంబరు 17వ తేదీన ఆయన కన్నుమూశారు.

1969 జులైలో పదునాలుగు బ్యాంకులు జాతీయమైనప్పుడు ఆంధ్రా బ్యాంకు డిపాజిట్లు యాభైకోట్ల హద్దును చేరనందున అది బయట నిలిచినది. 1980 ఏప్రిల్ 15వ తేదీన మరి అయిదింటితోపాటు అదీ జాతీయమైనది. ఆ మధ్యలో, 1979లో, సిండికేటు బ్యాంకు పోషణలో అనంతపురం కేంద్రంగా శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు వెలసినది. పోటీ తేలేని బ్యాంకును ప్రభుత్వపు ఆజ్ఞ తెచ్చినది. మెట్టపల్లెలకు అది చేసిన మేలు కాదనరానిది. 1989లో సర్కారువారి మరొక యేర్పాటు వచ్చినది. ఒక్కొక్క శాఖకు పదిహేను మొదలు ఇరవైఅయిదు గ్రామాలు పంచిపెట్టి, ఆ గ్రామాల సాగు అప్పులు ఆ శాఖయే చూడవలెనన్నారు. యే వూరూ విడిచిపెట్టబడరాదన్న సదుద్దేశం వున్నా, రైతుకు మళ్లీ ఒక్క దుకాణమే మిగిలినది. సావుకారు పీటపై మేనేజరు కుర్చీ వచ్చినది, అంతే. ఆ కట్టుబాటు 2004లో చాలవరకు సడలింపబడినది.

అటుపిమ్మట కాలం విలీనాల వైపు తిరిగినది. 2006లో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు మరి రెండింటితో కలిసి ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు అయినది. 2017లో ఇరవైయేడున్న ప్రభుత్వరంగ బ్యాంకులు 2020 నాటికి పన్నెండయినవి. ఆ సంవత్సరం ఏప్రిల్ ఒకటవ తేదీన ఒక్క దినాన సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను కలిసిపోయినవి. పేరు పోయినందుకు తెలుగువారు చాలా నొచ్చుకొన్నారు. నేనూ నొచ్చుకొన్నాను. కాని పేరుకంటె ముందు అడుగవలసిన ప్రశ్న, ఒక మండలంలో రైతు పోగల తలుపులు యెన్ని మిగిలినవన్నది. పెద్ద బ్యాంకు కరవు దెబ్బకు తట్టుకొని నిలబడుతుంది. వానపడిన నాలుగు దినాలలో విడపనకల్లు రైతు ముఖం చూచి నిర్ణయించే అధికారం దాని శాఖలో వుంటుందా అన్నది వేరే సంగతి.

2025 మే ఒకటవ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా రూపొందినవి. మా ప్రాంతంలోని గ్రామీణ బ్యాంకు శాఖలు యిప్పుడు దానివే. దానికి పోషక బ్యాంకు యూనియన్ బ్యాంకు. బందరులో లక్షరూపాయలతో మొదలైన సంస్థకు వారసురాలు, యీ దారిన మెట్టసీమ గ్రామీణ రుణానికి కూడా బాధ్యురాలయినది.