ఊళ్లు మారుతూ పెరిగిన బాలుడు

నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో ఏం జరుగుతుందో మనకు బాగా తెలుసు. అట్టపెట్టెలు దిగుతాయి. స్కూల్లో టి.సి. తీసుకోవాలి. స్నేహితులను వదిలి వెళ్లాలి. కొత్త ఊళ్లో భాష, తిండి, చలి, ఎండ అన్నీ వేరు. సుమారు రెండు వందల నలభై ఏళ్ల క్రితం ఇలాగే పెరిగిన ఒక అమెరికా బాలుడి గురించి తెలుసుకుందాం. అతని పేరు జాన్ క్విన్సీ ఆడమ్స్.

అతను 1767 జూలై 11న మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో పుట్టాడు. తండ్రి జాన్ ఆడమ్స్, తల్లి అబిగైల్. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్న రోజుల్లో, 1778లో, తండ్రిని రాయబార పని మీద ఫ్రాన్స్‌కు పంపారు. పదేళ్ల కొడుకు ఆయన వెంట ఓడ ఎక్కాడు. సముద్రం మీద సుమారు ఆరు వారాలు పట్టింది. దారిలో ఓడ మీద పిడుగు పడింది. అదే ఓడలో ఉన్న ఒక ఫ్రెంచి వైద్యుడి దగ్గర అతను ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

స్వగ్రామంలో అతని చదువు ఎక్కువగా ఇంట్లోనే సాగేది. పారిస్ పక్కనున్న పాసీలో హాస్టలు బడిలో చేర్చారు. అక్కడ లాటిన్, ఫ్రెంచితో పాటు నాట్యం, కత్తిసాము, సంగీతం, బొమ్మలు గీయడం కూడా పాఠాలే. చుట్టూ వినబడేది ఫ్రెంచే కాబట్టి ఆ భాషలో తండ్రిని మించిపోయాడు. 1779లో తిరిగి వస్తూ, ఓడలో ఉన్న ఫ్రాన్స్ రాయబారికి తానే ఇంగ్లీషు నేర్పాడు.

ఇల్లు చేరిన మూడు నెలలకే తండ్రికి మళ్లీ ప్రయాణం పడింది. ఈసారి వెళ్లడానికి అతనికి ఇష్టం లేదు. తల్లి నచ్చజెప్పి పంపింది. తమ్ముడు చార్లెస్ కూడా వెంట వెళ్లాడు. ఆ ప్రయాణంలోనే, పన్నెండేళ్ల వయసులో, అతను డైరీ రాయడం ప్రారంభించాడు. ఓడలోకి నీళ్లు రావడంతో స్పెయిన్‌లోని ఫెర్రోల్ రేవులో దిగాల్సి వచ్చింది. నడి చలికాలంలో కంచరగాడిదల మీద కొండలు దాటారు. దారిలో బస చేసిన పల్లె ఇళ్లకు పొగగొట్టాలే లేవు. వంటపొగంతా ఇంట్లోనే నిండేది.

1780లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని లాటిన్ బడిలో చేరినప్పుడు అసలు కష్టం ఎదురైంది. అతనికి లాటిన్ వచ్చు, డచ్చి భాష రాదు. అందుకని తనకన్నా చిన్నపిల్లల తరగతిలో కూర్చోబెట్టారు. భాష రాకపోతే తెలివి లేదనుకుంటే ఎంత నొప్పిగా ఉంటుందో మనలో కొందరికి తెలుసు. చివరికి తండ్రి ఆ బడి మాన్పించి అన్నదమ్ములను లైడెన్‌కు పంపాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు లాటిన్‌లో జరిగేవి కాబట్టి జాన్ క్విన్సీకి ఇబ్బంది తీరింది. చార్లెస్‌కు మాత్రం ఇంటి బెంగ తీరలేదు. 1781లో అతన్ని అమెరికాకు పంపేశారు.

ఆ ఏడాదే జాన్ క్విన్సీకి మరో ప్రయాణం. రష్యాకు వెళ్తున్న ఫ్రాన్సిస్ డానా అనే రాయబారికి ఫ్రెంచి అంతగా రాదు. రష్యా రాజసభలో నడిచేది ఫ్రెంచే. పద్నాలుగేళ్ల జాన్ క్విన్సీ ఆయనకు దుబాసీగా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. అక్కడ నెవా నది గడ్డకట్టే చలి. క్యాలెండరు కూడా వేరు, మిగతా యూరప్ కన్నా 11 రోజులు వెనక! చేరడానికి తగిన బడి దొరకలేదు. పుస్తకాలు తెచ్చుకుని ఏడాదికి పైగా సొంతంగా చదువుకున్నాడు.

1785లో తండ్రికి లండన్‌లో పదవి వచ్చింది. అక్కడికి వెళ్లే అవకాశం ఉన్నా, కొడుకు స్వదేశంలో చదువుకుంటానని వచ్చేశాడు. ఇన్ని దేశాలు చూసివచ్చినా, లాటిన్, గ్రీకు ఇంకా చదివి రమ్మన్నారు హార్వర్డ్ వారు. కొన్ని నెలలు కష్టపడి చదివి చేరి, 1787లో పట్టా పుచ్చుకున్నాడు.

చిన్ననాటి ప్రయాణాలు ఆయనకు పెద్దయ్యాక అక్కరకొచ్చాయి. నెదర్లాండ్స్, ప్రష్యా, రష్యా, బ్రిటన్ దేశాలలో రాయబారిగా పనిచేశాడు. 1825 నుంచి 1829 వరకు అమెరికా 6వ అధ్యక్షుడిగా ఉన్నాడు. తర్వాత ప్రతినిధుల సభలో బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడాడు. అయితే బదిలీల బాధ ఆయనను తండ్రిగానూ వదల్లేదు. 1809లో రష్యాకు వెళ్లేటప్పుడు రెండేళ్ల చిన్న కొడుకును వెంట తీసుకెళ్లి, పెద్దవాళ్లిద్దరినీ బంధువుల దగ్గర వదలాల్సి వచ్చింది.

1848 ఫిబ్రవరి 23న ఆయన కన్నుమూశాడు. పన్నెండేళ్లప్పుడు మొదలైన డైరీ దాదాపు చివరి వరకూ సాగింది. బడులు మారాయి, భాషలు మారాయి, కానీ ఆ డైరీ ప్రతి ఊరికీ వెంట వెళ్లింది. ఈసారి సామాను సర్దేటప్పుడు మనమూ ఒక తెల్లకాగితాల నోటుపుస్తకానికి చోటు ఉంచుదాం.