న్యాయపథ నిర్మాత – చార్లెస్ హ్యూస్టన్

అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయినా నల్లజాతివారికి సమానత్వం దక్కలేదు. సదుపాయాలు సమానంగా ఉంటే జాతులను వేరుగా ఉంచవచ్చునని ఆ దేశ సుప్రీంకోర్టు 1896లో తీర్పునిచ్చింది. ఆ తీర్పు పునాదులను చట్టంతోనే కదిలించిన మేధావి చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్.

హ్యూస్టన్ 1895 సెప్టెంబరు 3న వాషింగ్టన్ నగరంలో జన్మించాడు. తండ్రి విలియం న్యాయవాది. చార్లెస్ 1915లో ఆమ్హర్స్ట్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో డెమోయిన్ నగరంలో శిక్షణ పొంది, సైనికాధికారిగా ఫ్రాన్సుకు వెళ్ళాడు. దేశం కోసం పోరాడుతున్న నల్ల సైనికులకు సొంత సైన్యంలోనే ఎదురైన అవమానాలు అతని మనసును కలచివేశాయి. నోరులేనివారి పక్షాన న్యాయస్థానంలో నిలబడాలని అతడు నిశ్చయించుకున్నాడు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, అక్కడి న్యాయపత్రిక సంపాదకవర్గంలో స్థానం పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు.

ఆనాడు అమెరికన్ బార్ అసోసియేషన్ తలుపులు నల్ల న్యాయవాదులకు మూసి ఉండేవి. అందుచేత 1925లో అదే డెమోయిన్ నగరంలో నల్ల న్యాయవాదులు తమ సొంత జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. అదే నేషనల్ బార్ అసోసియేషన్. దాని స్థాపకులలో గెర్ట్రూడ్ రష్ అనే మహిళా న్యాయవాది కూడా ఉండటం విశేషం. అదే సంవత్సరం రాజధానిలో వాషింగ్టన్ బార్ అసోసియేషన్ ఏర్పడగా, దాని స్థాపకులలో హ్యూస్టన్ ఒకడు.

సంఘం ఉంటే చాలదు, సమర్థులైన న్యాయవాదులు కావాలని హ్యూస్టన్ గ్రహించాడు. 1929లో హోవర్డ్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాల బాధ్యతలు చేపట్టి, రాత్రిబడిగా నడుస్తున్న దానిని పూర్తికాలపు కళాశాలగా తీర్చిదిద్దాడు. నల్లవారిని సభ్యులుగా చేర్చుకోని అమెరికన్ బార్ అసోసియేషనే 1931లో ఆ కళాశాలకు గుర్తింపు ఇవ్వవలసి వచ్చింది. అతని కఠిన శిక్షణలో రాటుదేలిన శిష్యులలో అగ్రగణ్యుడు థర్‌గుడ్ మార్షల్.

1935లో హ్యూస్టన్ ఎన్.ఎ.ఎ.సి.పి. అనే పౌరహక్కుల సంస్థకు ప్రత్యేక న్యాయవాది అయ్యాడు. దక్షిణాది రాష్ట్రాలలో పర్యటించి, నల్లపిల్లల పాఠశాలల దుస్థితిని కెమెరాలో చిత్రీకరించాడు. సమానమన్న మాట బూటకమని నిరూపించడమే అతని వ్యూహం. ఆ పోరాటానికి ముందుగా న్యాయకళాశాలలను ఎంచుకున్నాడు. ప్రతి రాష్ట్రమూ నల్లవారికి వేరుగా, సమానస్థాయిలో ఒక న్యాయకళాశాలను నడపడం దుస్సాధ్యం కదా! అతడు వాదించిన గెయిన్స్ కేసులో 1938లో సుప్రీంకోర్టు మిస్సోరీ రాష్ట్రానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. నల్ల విద్యార్థిని పరాయి రాష్ట్రానికి పంపి చేతులు దులుపుకోవడం చెల్లదని స్పష్టం చేసింది.

విశ్రాంతి ఎరుగని శ్రమ వల్ల హ్యూస్టన్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1950 ఏప్రిల్ 22న, 54 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. నాలుగేళ్ళ తరువాత, 1954 మే 17న, పాఠశాలల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు ప్రకటించింది. ఆ విజయానికి సారథ్యం వహించిన మార్షల్ 1967లో అదే న్యాయస్థానంలో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. గురువు నాటిన విత్తనం శిష్యుని చేతిలో ఫలించింది. ఫలాన్ని తాను చూడలేనని తెలిసినా మొక్కకు నీరు పోసేవాడే నిజమైన నాయకుడని హ్యూస్టన్ జీవితం చాటుతున్నది.