రోనాల్డ్ రాస్

హిమాలయముల చెంతనున్న అల్మోరాలో 1857 మే 13వ తేదీన రోనాల్డ్ రాస్ జన్మించెను. తండ్రి సేనాధికారి. బాలునికి కవిత్వము, సంగీతము, గణితము ప్రియములు. వైద్యముపై మక్కువ లేదు. అయినను తండ్రి కోరికపై లండనులో వైద్యము చదివి, 1881లో భారతదేశపు వైద్యశాఖలో చేరెను.

1883లో అతడు బెంగుళూరులో నుండెను. గుడిబండ, హిందూపురము సీమకు దక్షిణముననున్న ఆ నగరములో అతని బంగళా దోమలకు నిలయము. కారణము వెదకగా, కిటికీ వెలుపలి నీటితొట్టిలో దోమపిల్లలు కదలాడుచుండెను. తొట్టిని బోర్లింపగా దోమలు చాలవరకు తగ్గెను. దోమకును జ్వరమునకును గల సంబంధ మప్పటి కతడెరుగడు.

ఆ కాలమున చలిజ్వరము బురదనేలల గాలివలన వచ్చునని వైద్యులు సైతము నమ్మిరి. మలేరియా యను ఇటాలియను మాటకు చెడుగాలి యనియే అర్థము. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమున ఒక సూక్ష్మజీవిని చూచెను. అది ఒకరినుండి మరియొకరికి ఏ త్రోవన పోవునో తేలలేదు. దోమను పరీక్షింపుమని 1894లో ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు రాస్‌ను ప్రోత్సహించెను. దోమ నీటిలో చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు మాన్సన్ ఊహ. మరుసటి యేడు రాస్ సికింద్రాబాదులో అట్టి నీటిని కొందరిచే త్రాగించి చూచెను. నేడట్టి పరీక్షను ఎవ్వరును హర్షింపరు. ఊహయు రుజువు కాలేదు.

ఇంతలో బెంగుళూరున కలరా ప్రబలగా ప్రభుత్వ మతనిని అచటికి పంపెను. కలరా త్రోవ వేరు. రోగి మలమునందలి క్రిములు బావులలోను, చెరువులలోను కలిసి, ఆ నీటితో ఇతరుల కడుపులోనికి పోవును. నీరు కాచి త్రాగినచో ఆ త్రోవ మూసికొనును. మశూచికము రోగి శ్వాసవలనను, పొక్కుల రసమువలనను అంటెడిది. చలిజ్వరమో, రోగి ప్రక్కన పండుకొన్నను అంటదు. కాచిన నీరు త్రాగినను ఆగదు!

1897లో రాస్ సికింద్రాబాదుకు తిరిగివచ్చెను. దోమలు ఎగిరిపోవునని పంకా ఆపించి, ఉక్కలో పనిచేయుచుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. అతడు వందలకొలది దోమలను కోసి చూచెను, ఫలము శూన్యము. దోమలలోను జాతులు గలవు. అతడు కోసినవి వేరు జాతులవి. ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు లభించెను. పిల్లలనుండి పెంచిన ఆ దోమలచే హుసేన్‌ఖాన్ అను రోగిని కుట్టించి, దోమకు అణా చొప్పున పది యణాలిచ్చెను. ఇంతటి ఫలమిచ్చిన పది యణాలు చరిత్రలో అరుదు.

ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో గుండ్రని కణములు కనబడెను. వానిలో రోగి రక్తమున కనబడు నల్లని రేణువులే యుండెను. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరింత పెద్దవై యుండెను. సూక్ష్మజీవి దోమలో పెరుగుచున్నది!

వెంటనే రాజపుత్రస్థానమునకు బదిలీ యయ్యెను, పరిశోధన నిలిచెను. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియాను పరిశీలించెను. సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులను చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పక్షులకు సోకుననియు నిరూపించెను. నీరు త్రాగుట కాదు, కాటే మార్గము. మానవుల విషయమున ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు దానిని స్థిరపరచిరి.

రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన అతడు లండనులో మరణించెను. అతడు పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని గలదు.