జీర్ణనౌకోద్ధారకుడు – వీట్లీ కాబ్

శిథిలమైన దేవాలయమును మరల నిలువబెట్టుటను మనవారు జీర్ణోద్ధరణమందురు. క్రొత్తగుడి కట్టించుటకన్న అది కష్టతరమైన పని. క్రొత్తది కట్టువాడు తన ఇచ్చవచ్చినట్లు కట్టవచ్చును. పాతదానిని నిలుపువాడు మాత్రము వెనుకటి శిల్పి మనసెరిగి, రాయి తీసినచోట రాయిని, కొయ్య తీసినచోట కొయ్యను పెట్టవలసియుండును. గుడులకును కోటలకును ఇట్టి సేవ చేసినవారు అన్ని దేశములందును కలరు. పాత ఓడలకు చేసినవారు అరుదు. ఆ కొలదిమందిలో ముందుగా ఎన్నదగినవాడు జెఫ్రీ వీట్లీ కాబ్.

ఆతని తండ్రి జోసెఫ్ రిచర్డ్ కాబ్ వేల్సు దేశమందలి బ్రెకన్ పట్టణమున న్యాయవాది. వృత్తి న్యాయవాదమైనను ఆయన మనసు పాతకోటలపైననే ఉండెడిది. పాడుపడియున్న పెంబ్రోకు, మానర్‌బియర్ కోటలు ఆయన పూనికవలననే కొంత బాగుపడెను. 1885లో ఆయన కాల్డికట్ కోటను కొని, కూలిన గోడల నెత్తించి, నివాసయోగ్యముగా చేసెను. తండ్రికి రాతికోటలపై ఎట్టి మక్కువయో కుమారునికి కొయ్య ఓడలపై అట్టి మక్కువ.

పందొమ్మిదవ శతాబ్ది చివరకు ఆవిరియంత్రమును, ఇనుమును వచ్చి తెరచాప ఓడలను మూలకు నెట్టినవి. యుద్ధములందు పేరుగన్న ఓడలను సైతము బ్రిటిషు ప్రభుత్వమువారు అమ్మివేయుచుండిరి. కొనువారు వానిని పగులగొట్టి, కొయ్యను రాగిరేకును వేరువేరుగా అమ్ముకొను వర్తకులు. ఆ విధముగా 1892లో అమ్ముడుపోయిన వానిలో ఫూడ్రోయాంట్ అను ఓడ యొకటి. ఫ్రెంచి భాషలో ఆ పేరునకు పిడుగువలె మీదపడునది యని అర్థము. 1798లో ప్లిమతు రేవున కట్టబడిన ఆ ఓడపై 80 ఫిరంగులుండెడివి. 1799, 1800 సంవత్సరములలో నౌకాసేనాని నెల్సన్ దానిపై తన పతాకము నెగురవేసి మధ్యధరా సముద్రమున సంచరించెను. అట్టి ఓడ చేతులు మారి జర్మనీ వర్తకుల పాలగుట విని ఇంగ్లాండు ప్రజలు సిగ్గుపడిరి. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్ ఆ అమ్మకమును ఎత్తిపొడుచుచు పద్యమునే వ్రాసెను. పత్రికలందు గగ్గోలు చెలరేగెను. గగ్గోలు పెట్టుట సులభమే. సొమ్ము తీసి బల్లపై పెట్టినవాడు మాత్రము కాబ్. ఆతడు ఆ ఓడను వర్తకులనుండి తిరిగి కొనెను.

కొనుటతో పని ముగియలేదు. కొయ్య ఓడను బాగుచేయుట యనగా ఒకరివలన అగు పని కాదు. పలక వెంట పలకను తట్టిచూచి పుచ్చినదేదో తెలిసికొనవలెను. పుచ్చినదానిని తీసి, అదే వంపుగల క్రొత్త పలకను బిగింపవలెను. సందులలో నారను దట్టముగా దూర్చి, దానిపై కాగిన తారు పోయవలెను. స్తంభములు నిలిపి, వానికి మోకులు కట్టి, తెరచాపలు తొడుగవలెను. ఇందులో ఏ ఒక్కటి తప్పినను నీరు లోనికి వచ్చును. ఈ పనికి కాబ్ చాల ధనము వెచ్చించెను. ఫూడ్రోయాంట్ నెల్సన్ కాలపు రూపుతో, ఫిరంగులతో సహా, మరల నీటిపై నిలిచెను.

పెట్టిన ధనము కొంతయైన రాబట్టవలెనని ఆతడు ఆ ఓడను సముద్రతీర పట్టణములకు త్రిప్పి, రుసుము తీసికొని ప్రజలకు చూపసాగెను. 1897 జూన్ నెలలో అది బ్లాక్‌పూల్ తీరమున లంగరు వేసియుండెను. విక్టోరియా రాణి వజ్రోత్సవమునకు ఇంక ఆరుదినములే యున్నవి. జూన్ 16వ తేదీన పెనుగాలి రేగెను. ఒక లంగరు మోకు తెగెను. రెండవ లంగరు ఇసుకలో నిలువలేదు. ఓడ ఆ లంగరును ఈడ్చుకొనుచు పోయి, వంతెనవలె సముద్రములోనికి సాగియున్న ఉత్తరపు కట్టను దెబ్బతీసి, ఇసుకతిన్నెపై ఒరిగిపోయెను. ప్రాణరక్షక నౌకవారు ఎదురుగాలికి వెఱవక పోయి, ఓడయందున్న 27 మందిని ఒడ్డు చేర్చిరి. ప్రాణనష్టము లేకపోవుట ఒక్కటే ఊరట. ఓడను నీటిలోనికి దింపుటకు చేసిన యత్నము లన్నియు వ్యర్థమయ్యెను. ఫిరంగులను తీసివేసి, మిగిలిన ఓడను అమ్మగా వచ్చినది 200 పౌనులు. ఆ యేడు చలికాలపు గాలులకు అదియు ముక్కలై కొట్టుకొనిపోయెను. దాని కొయ్యతో బల్లలు కుర్చీలు చేసిరి. రాగితో జ్ఞాపకపతకములు పోసి అమ్మిరి.

ఇంతటి దెబ్బ తిన్నవాడు మరల ఓడ జోలికి పోడని ఎవరైనను తలంతురు. కాని ఆ సంవత్సరముననే మరియొక పాత ఓడ ట్రింకోమలీ, పగులగొట్టు వర్తకుల చేతికి వచ్చినది. కాబ్ దానిని కొనెను.

ఈ ఓడ కథ మనదేశమున ఆరంభమైనది. బొంబాయి నౌకానిర్మాణశాలలో పార్సీ ఓడల మేస్త్రి జమ్‌షెట్జీ బొమన్‌జీ వాడియా దానిని మలబారు టేకుతో కట్టెను. దాని పటములను లండను నుండి పంపగా, వానిని తెచ్చుచున్న జావా అను ఓడ 1812లో అమెరికనులతో పోరాడి ఓడిపోయెను. పటములు మరల పంపవలసివచ్చినది. 1816లో అడుగుదూలము వేయునపుడు పార్సీల ఆచారము చొప్పున దానిలో వెండి మేకు కొట్టిరి. 1817 అక్టోబరు 12న ఓడ నీటిలోనికి దిగెను. సింహళద్వీపమందలి రేవు పేరే దానికి పెట్టిరి. ఇంగ్లాండు చేరిన తరువాత అది చాలకాలము పనిలేక నిలిచియుండి, 1847 మొదలు పదేండ్లు సముద్రములపై తిరిగి, పిమ్మట నావికులకు కవాతు నేర్పుటకు ఉపయోగపడెను. ఎనుబదియేండ్లు నిండిన ఓడలో కొయ్య ఇంకను గట్టిగా ఉండుటకు కారణము టేకులోని నూనెయే. అది పురుగును దరిచేరనీయదు. లోపల దిగిన ఇనుపమేకునకు త్రుప్పును పట్టనీయదు. ఓకు కొయ్యలోని పులుపు ఇనుమును తినివేయును. బొంబాయి ఓడలకు ఇంగ్లాండులో గిరాకి కలుగుటకు ఇది యొక ముఖ్యకారణము.

కాబ్ ఆ ఓడను బాగుచేయించి, పోయిన ఓడ గుర్తుగా దానికి ఫూడ్రోయాంట్ అను పేరే పెట్టెను. అయితే ఈ మారు ఊరూర త్రిప్పి చూపలేదు. ఫాల్మతు రేవున నిలిపి బాలురకు బడిగా చేసెను. చూచుటకు వచ్చి పోవు జనుల రుసుములకన్న, ఓడలోనే ఉండి పనిచేయు బాలుర చేతులు ఓడకు మేలుచేయునని ఆతడు గ్రహించినట్లు తోచును. బాలురు పైకప్పునుండి వ్రేలాడు గుడ్డ ఊయెలలో నిద్రించెడివారు. తెల్లవారగనే పైతట్టును కడుగుట, పడవలు త్రోయుట, తెరచాప విప్పుట, చుట్టుట, మోకులకు ముడులు వేయుట, ఇవియే పాఠములు. ముడి వేయుట పుస్తకము చూచి నేర్చునది కాదు. చలిలో, చేతులు తడిసియుండగా, పడవ ఊగుచుండగా వేసిన ముడి విడిపోకున్నచో అదే పరీక్ష.

1912లో ప్రభుత్వమువారు ఇంప్లకేబుల్ అను మరియొక ఓడను ఆతని కప్పగించిరి. అది 1800లో కట్టబడిన ఫ్రెంచి ఓడ. అప్పటి పేరు దుగే త్రువాన్. 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున పోరాడి తప్పించుకొని, కొలదిదినములకే ఆంగ్లేయులకు చిక్కెను. దానిని తుక్కుచేయకుండ ఏడవ ఎడ్వర్డు రాజే 1908లో అడ్డుపడవలసివచ్చెను. 74 ఫిరంగుల ఓడ. ఎంత సొమ్ము పోసినను చాలదు. 1920 తరువాత అది ఒక్కని శక్తికి మించగా, చందాలు పోగుచేసి బాగుచేయించిరి. శత్రువులు కట్టిన ఓడపై ఇంగ్లాండు బాలురు విద్య నేర్చుట కాబ్‌నకు వింతగా తోచలేదు. ఓడకు జాతి లేదు గదా!

1931లో కాబ్ మరణించెను. ఆతని భార్య ఫూడ్రోయాంటును అమ్ముకొనక, శిక్షణ సాగించువారికి ఒసగెను. ఆ రెండు ఓడలును పోర్ట్స్‌మతు రేవున చేరి నిలిచెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళమువారును వానిని శిక్షణకు వాడుకొనిరి. యుద్ధానంతరము ఇంప్లకేబుల్ బాగుచేయింపవలెనన్న, దేశమునకు సొమ్ము లేదు. ఫ్రాన్సునకు ఇచ్చెదమనిరి, వారును వలదనిరి. 1949 డిసెంబరు 2న దానిని సముద్రములోనికి తీసికొనిపోయి, ఫ్రెంచి, ఇంగ్లీషు జెండాలు రెండును ఎగురుచుండగా ముంచివేసిరి. మందుగుండు పేల్చినను అది వెంటనే మునుగలేదు. దాని వెనుకభాగపు చెక్కడము మాత్రము గ్రీనిచ్ నగరపు ప్రదర్శనశాలలో కలదు.

ఫూడ్రోయాంట్ మాత్రము 1986 వరకు పిల్లలకు నౌకావిద్య నేర్పెను. 1987లో దానిని హార్టిల్‌పూల్ రేవునకు చేర్చిరి. అచ్చటి వడ్రంగులు 1990 మొదలు 2001 వరకు శ్రమించి మరల బాగుచేసిరి. ఓడలో సగమునకు పైగా ఇప్పటికిని జమ్‌షెట్జీ అమర్చిన టేకే. 1992లో దాని తొలిపేరు ట్రింకోమలీ దానికి తిరిగివచ్చెను. కాబ్ పెట్టిన పేరు నేడు ఆ ఓడపై లేదు. హార్టిల్‌పూల్ రేవున మూడు స్తంభములతో అది నీటిపై తేలుచున్నది. బ్రిటనులో నీటిపై నిలిచియున్న యుద్ధనౌకలన్నిటిలోను పాతది అదియే.